అసెంబ్లీలో చివరి మాట – ఆబిద్ హసన్ సఫ్రానీ

 

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగినప్పుడు అందరిలాగే నేనూ బడి ముందు వేపచెట్టు గురించో, ఇంటర్వెల్లో కొనుక్కున్న ఉప్పూకారం జామకాయ గురించో రాద్దామనుకున్నాను. అవి నాకంటే బాగా రాసేవాళ్ళు మన బ్యాచ్‌లోనే ఉన్నారు. నేను మెకానికల్ ఇంజనీరును. రిపోర్టులు తప్ప ఏమీ రాసి ఎరుగను. అయినా నలభై ఏళ్ళుగా మనసులో ఒక బాకీ ఉండిపోయింది. దాన్ని తీర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదని ఇది రాస్తున్నాను.

రోజూ పొద్దున మన అసెంబ్లీ ఎలా సాగేదో గుర్తు చేసుకోండి. ప్రార్థన, ప్రతిజ్ఞ, వార్తలు, జనగణమన. అన్నీ అయ్యాక డ్రిల్ సార్ గొంతెత్తి జై అనగానే వందల గొంతులు హింద్ అని అందుకునేవి. ఫతేనగర్ వైపు పోయే రైలు కూత కూడా ఆ కేకలో కలిసిపోయేది. పదేళ్ళలో ఎన్ని వేలసార్లు ఆ మాట అన్నామో లెక్క లేదు. మొదట ఆ మాట ఎవరన్నారని మాత్రం మనలో ఒక్కరమూ అడగలేదు. ఎవరైనా అడిగి ఉంటే నేతాజీ అని చెప్పి ఊరుకునేవాళ్ళం.

మన డ్రిల్ సార్ మాజీ సైనికుడని మీ అందరికీ తెలుసు. 1965, 1971 రెండు యుద్ధాలూ చూసిన మనిషి. తన యుద్ధం గురించి అడిగితే నవ్వి ఊరుకునేవారు, లేకపోతే గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు పరుగెత్తించేవారు. అలాంటి మనిషి ఒకరోజు మా నలుగురిని పిలిచి, నేతాజీతో పాటు జలాంతర్గామిలో ప్రయాణం చేసిన పెద్దాయన ఒకరు మన హైదరాబాదులోనే ఉన్నారని, జై హింద్ అనే మాట ఆయనదేనని, ఆదివారం సైకిళ్ళ మీద వెళ్ళి ఒకసారి దణ్ణం పెట్టుకుని వద్దామని అన్నారు. మన జట్టు ప్రపంచ కప్పు గెలిచిన ఏడాది అది. ఆ ఆదివారం ఎర్రగడ్డ కుర్రాళ్ళతో మాకు మ్యాచ్ ఉంది. వచ్చే నెల వెళ్దాం సార్ అని మిగతా ముగ్గురి తరఫున కూడా చెప్పింది నేనే. సార్ సరేనన్నారు. ఆ వచ్చే నెల రానేలేదు. 1984 ఏప్రిల్‌లో, మా తొమ్మిదో తరగతి పరీక్షల రోజుల్లో, ఆ పెద్దాయన పోయారు. సార్ మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజు జై అన్నప్పుడు మాత్రం ఆయన గొంతు ఎప్పటిలా లేదు.

ఆ పెద్దాయన పేరు ఆబిద్ హసన్ సఫ్రానీ. సార్ దగ్గర విన్న దాన్ని, తరవాత ఇన్నేళ్ళలో చదివి తెలుసుకున్న దాన్ని కలిపి ఆయన జీవితాన్ని ఇక్కడ చెబుతాను.

ముందుగా ఒక అపోహ తీర్చాలి. మన ఆబిడ్స్‌కు ఆ పేరు ఈయన వల్ల రాలేదు. అది ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మీనియన్ పెట్టిన దుకాణం వల్ల వచ్చింది. మన ఆబిద్ అసలు పేరు జైనుల్ ఆబిదీన్ హసన్. 1911 ఏప్రిల్ 11న హైదరాబాదులో పుట్టారు. నిజాం రాజ్యంలో పేరున్న కుటుంబం. అలాంటి ఇళ్ళలో పిల్లల్ని లండన్ పంపి పెద్ద ఉద్యోగాల్లో చూసుకోవాలనే ఆశ సహజం. ఆ ఇంటి తీరు వేరు. తల్లి ఫఖ్రుల్ హాజియా బేగం విదేశీ పాలన అంటే గిట్టని మనిషి. ట్రూప్ బజార్‌లోని వాళ్ళ ఇల్లు ఆబిద్ మంజిల్ దగ్గర విదేశీ బట్టలు కుప్పపోసి తగలబెట్టించింది. పెద్ద కొడుకు బద్రుల్ హసన్ గాంధీజీ అనుచరుడు. ట్రూప్ బజార్‌లో ఇప్పుడు స్విచ్చులూ, వైర్లూ, ట్యూబులైట్లూ కొనడానికి మనమంతా వెళ్తుంటాం. ఒకప్పుడు అక్కడ అలాంటి మంట మండిందని ఎవరికి గుర్తుంటుంది?

చిన్న వయసులోనే ఆబిద్ చదువు మానేసి సబర్మతీ ఆశ్రమానికి వెళ్ళిపోయారు. ఉద్యమంలో దిగి జైలుకు వెళ్ళారు. 1931లో గాంధీ-ఇర్విన్ ఒప్పందం తరవాత బయటికి వచ్చారు. ఆ తరవాత చదువు కోసం దేశం దాటారు. ఇంగ్లండు వెళ్ళలేదు, జర్మనీ వెళ్ళారు. చదివింది ఇంజనీరింగ్. ఈ సంగతి తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

చదువు పూర్తి కాకముందే రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1941లో సుభాష్ చంద్ర బోసు కలకత్తాలో గృహ నిర్బంధం నుంచి తప్పించుకుని, కాబూల్ మీదుగా బెర్లిన్ చేరారు. అక్కడి భారతీయ విద్యార్థులను కలిసి తనతో పనిచేయమని అడిగారు. డిగ్రీ పూర్తి చేసుకుని వస్తానంటే ఆయన ఏమనేవారో తెలియదు కానీ, ఆబిద్ మాత్రం పుస్తకాలు మూసి వెంట నడిచారు. నేతాజీకి కార్యదర్శిగా, దుబాసీగా పనిచేశారు. ఆయన ఇంజనీరింగ్ డిగ్రీ అలాగే మధ్యలో ఆగిపోయింది.

ఉత్తర ఆఫ్రికాలో జర్మన్లకు, ఇటాలియన్లకు యుద్ధఖైదీలుగా దొరికిన భారతీయ సిపాయిలతో నేతాజీ ఒక దళాన్ని కట్టారు. సుమారు మూడు వేల మంది. బ్రిటిష్ సైన్యంలో సిక్కులది ఒక కంపెనీ, రాజపుత్రులది ఒకటి, ముస్లింలది ఒకటి అన్నట్టు విడివిడిగా ఉంచేవారు. ఇక్కడ అందరినీ కలిపేశారు. కలిపాక ఒక చిన్న చిక్కు వచ్చింది. పొద్దున్నే ఎదురుపడితే ఒకరు రామ్ రామ్ అంటారు, ఒకరు సత్ శ్రీ అకాల్ అంటారు, ఒకరు సలాం అంటారు. పలకరింపు వినగానే ఎవరు ఎవరో తేలిపోతుంది. అందరికీ పనికొచ్చే పలకరింపు ఒకటి చూడమని నేతాజీ ఆ పని ఆబిద్‌కు అప్పగించారు.

ఆయన మొదట హలో అంటే ఎలా ఉంటుందని అడిగి చీవాట్లు తిన్నారట. ఆ తరవాత డ్రెస్డెన్ దగ్గరి శిబిరంలో తిరుగుతుంటే రాజపుత్ర సిపాయిలు జై రామ్‌జీ కీ అనుకోవడం చెవిన పడింది. ఆ నడక ఆయనకు నచ్చింది. రాముడి పేరున్న చోట దేశం పేరు పెట్టి జై హిందుస్తాన్ కీ అనుకున్నారు. కవాతులో అనడానికి అది పొడుగైంది. కత్తిరించగా కత్తిరించగా జై హింద్ మిగిలింది. నేతాజీ వెంటనే ఒప్పుకున్నారు. ఈ మాట అంతకు ముందే చెంపకరామన్ పిళ్ళై వాడారని చెప్పేవాళ్ళూ ఉన్నారు. కావచ్చు. సైన్యానికి పలకరింపుగా, అక్కడి నుంచి దేశానికి నినాదంగా అందించినది మాత్రం మన హైదరాబాదీయే అని చరిత్ర రాసినవాళ్ళలో ఎక్కువమంది అంటారు. ఒక హిందూ పలకరింపు విని, దాని నడకను పట్టుకుని, ఒక ముస్లిం యువకుడు అందరికీ సరిపోయే మాట చేశాడు. మేము చేసే డిజైన్లలో కూడా అంతే. బాగా పనిచేసేది ఎప్పుడూ కొత్తగా ఏదో తగిలించినది కాదు, అక్కర్లేనిది తీసేసినది.

ఇక జలాంతర్గామి సంగతి. జర్మనీ వల్ల భారతదేశానికి ఒరిగేది ఏమీ లేదని నేతాజీకి అర్థమైంది. తూర్పు ఆసియా చేరాలి. నేల మీద, గాలిలో దారి లేదు. మిగిలింది సముద్రం అడుగు. 1943 ఫిబ్రవరి రెండో వారంలో కీల్ రేవు నుంచి యూ-180 బయల్దేరింది. అందులో నేతాజీ వెంట ఉన్న ఒకే ఒక్క భారతీయుడు ఆబిద్ హసన్. ఎక్కడికి వెళ్తున్నామో ఆయనకు చివరి దాకా చెప్పలేదు.

కొన్నేళ్ళ క్రితం ఒక మెషిన్ ట్రయల్ కోసం కంపెనీ నన్ను జర్మనీ పంపింది. ఒక ఆదివారం ఖాళీ దొరికితే కీల్ పక్కన లాబో అనే ఊరికి వెళ్ళాను. ఆనాటి జలాంతర్గామి ఒకదాన్ని, యూ-995ను, సముద్రపు ఒడ్డున ఇసుకలో నిలబెట్టి జనానికి చూపిస్తారు. ఇది యూ-180 కంటే చిన్నది, 67 మీటర్లు. అది 87 మీటర్ల పైమాట. ఎంత పొడుగైతే ఏం, లోపల మనిషికి మిగిలేది ఒక సన్నటి నడవా. తల వంచుకుని గుండ్రటి తలుపుల్లోంచి దూరుతూ పోవాలి. ఇంజన్ల గదిలో రెండు పక్కలా ఇనుము, మధ్యలో ఒక మనిషి పట్టేంత సందు. ఇరవై నిమిషాలకే నాకు బయటి గాలి కావాలనిపించింది. ఆయన అందులో పదకొండు వారాలు ఉన్నారు.

ఇంజనీరును కాబట్టి ఒక్క పేరా నా భాషలో చెప్పనివ్వండి. డీజిల్ ఇంజనుకు గాలి కావాలి. నీటి అడుగున గాలి లేదు. అందుకని ఆనాటి జలాంతర్గామి నీటి పైన ఇంజన్ మీద, అడుగున బ్యాటరీల మీద నడిచేది. బ్యాటరీలు అయిపోగానే పైకి తేలి మళ్ళీ చార్జింగ్ చేసుకోవాలి. అది శత్రువు కంటపడే సమయం. యూ-180 రకానికి మామూలు ఇంజన్లు కాక వేగంగా వెళ్ళే పడవల కోసం చేసిన డీజిల్ ఇంజన్లు ఆరు పెట్టారు. అవి వేడెక్కేవి, విపరీతంగా పొగ కక్కేవి. తరవాత వాటిని తీసేయాల్సి వచ్చింది. అంటే మన నేతాజీని దేశం కోసం మోసుకెళ్ళినది ఒక ఫెయిలైన డిజైన్. రొట్టెలో, దుప్పట్లో, ఊపిరిలో అంతా డీజిల్ వాసనే. జర్మన్ నావికుల తిండి నేతాజీకి పడకపోతే ఆబిద్ ఓడ సామాన్లలో వెతికి బియ్యం, పప్పు సంపాదించి కిచిడీ వండి పెట్టేవారు. అట్లాంటిక్ అడుగున హైదరాబాదీ చేతి కిచిడీ.

ఆ నడవాలోనే పని కూడా. నేతాజీ చెబుతూ పోవడం, ఆబిద్ రాసుకోవడం. తూర్పున చేరాక ఏ మాట్లాడాలి, ప్రభుత్వం ఎలా ఏర్పాటు చేయాలి, స్త్రీలతో ఒక రెజిమెంటు కట్టవచ్చా, అన్నీ అక్కడే ఆలోచన చేశారు. దారిలో ఒకసారి ఓడ మీద దాడి చేయబోయి పొరపాటున జలాంతర్గామి పైకి తేలింది. ఎదుటి ఓడ గుద్దబోతే చావు తప్పి బయటపడింది. ఆ గందరగోళంలో ఆబిద్ చేతిలో కలం ఆగిపోయింది. నేతాజీ మాత్రం చెప్పేది ఆపలేదు సరికదా, రెండోసారి చెప్పినా రాసుకోలేదేమని అడిగారట. తన భయాన్ని, ఆయన నిబ్బరాన్ని పక్కపక్కన పెట్టి ఆబిద్ తరవాతి కాలంలో ఈ సంగతి నవ్వుతూ చెప్పుకున్నారు. తనను వీరుడిగా చూపించుకోవాలని ఆయన ఎప్పుడూ ప్రయత్నించలేదు.

ఆఫ్రికా కొన చుట్టి వచ్చి, ఏప్రిల్ చివర్లో మడగాస్కర్ దాటిన చోట జపాన్ వాళ్ళ ఐ-29 కలిసింది. సముద్రం కల్లోలంగా ఉంది. రెండు జలాంతర్గాములు దగ్గరికి రాలేవు. రబ్బరు తెప్ప మీద, అలల్లో తడిసి ముద్దై, ఇద్దరూ దాని నుంచి దీనిలోకి మారారు. యుద్ధంలో ఉన్న రెండు దేశాల జలాంతర్గాముల మధ్య సముద్రం నడుమ పౌరులు ఇలా మారడం మరెక్కడా జరగలేదంటారు. మే నెలలో సుమత్రా కొన దగ్గరి సబాంగ్ దీవిలో నేల మీద కాలు పెట్టారు. మొత్తం దాదాపు తొంభై రోజులు. మరుసటి ఏడాదికి ఆ రెండు జలాంతర్గాములూ సముద్రంలో కలిసిపోయాయి. వాటిని నడిపిన వాళ్ళ మీద మన దేశానికి శత్రుత్వమూ లేదు, రుణం మాత్రం ఉంది.

సింగపూర్‌లో నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజ్ పగ్గాలు చేపట్టారు. 1943 అక్టోబర్ 21న ఆజాద్ హింద్ ప్రభుత్వం ఏర్పడింది. మలయా రబ్బరు తోటల్లో కూలీలుగా ఉన్న తమిళులు, తెలుగువాళ్ళు కూడా అందులో చేరారు. జనగణమనను అందరికీ తెలిసే హిందుస్తానీలోకి మార్చుకుంటే బాగుంటుందని నేతాజీ అనుకున్నప్పుడు ముంతాజ్ హుస్సేన్‌తో కలిసి ఆ పని చేసినదీ ఆబిదే. రామ్ సింగ్ ఠాకురీ సంగీతం కట్టారు. అంటే మన అసెంబ్లీలో చివరి రెండు అంశాలతోనూ ఈయనకు సంబంధం ఉంది. ప్రతిజ్ఞ రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారిది నల్లగొండ జిల్లా అన్నెపర్తి. ఆయన సంగతీ మనకు బడిలో తెలియదు. మనవాళ్ళ మాటలనే రోజూ అంటూ, ఆ మనుషులెవరో తెలియకుండానే పదేళ్ళు గడిపేశాం.

ఫౌజ్‌లో జెండా రంగు మీద ఒకసారి వాదన వచ్చిందట. హిందువులు కాషాయం అన్నారు, ముస్లింలు ఆకుపచ్చ అన్నారు. చివరికి హిందూ సైనికులు తమ పట్టు వదులుకున్నారు. గెలిచామని సంతోషించాల్సిన పక్షంలో ఉన్న ఆబిద్‌కు వాళ్ళ పెద్ద మనసు చూసి గుండె నిండిపోయింది. వాళ్ళు వదులుకున్న రంగును తన పేరులో పెట్టుకున్నారు. ఆ రోజు నుంచి ఆబిద్ హసన్ సఫ్రానీ అయ్యారు. సఫ్రానీ అంటే కాషాయ వర్ణం వాడు. మన రోజుల్లో ఇలాంటి సంగతి ఒకటి జరిగిందని చెబితే నమ్మేవాళ్ళు తక్కువ. అందుకే చెప్పుకోవాలి.

1944లో ఇంఫాల్ ముట్టడి. మేజర్ హోదాలో ఆబిద్ ఆ రంగంలో ఉన్నారు. విమానాల అండ లేదు, తిండి లేదు, మందులు లేవు. వానలు మొదలయ్యాక దారులన్నీ బురద. మలేరియా, జిగట విరేచనాలు తూటాల కంటే ఎక్కువమందిని తీసుకుపోయాయి. వెనక్కి తిరిగి చింద్విన్ నది దాటి బర్మా అడవుల్లో నడిచి వచ్చారు. ఎన్నో ఏళ్ళ తరవాత కలకత్తాలోని నేతాజీ రీసెర్చ్ బ్యూరో కోసం ఆ రోజుల గురించి ఆయన ఆంగ్లంలో ఒక వ్యాసం చెప్పారు. పేరు ది మెన్ ఫ్రమ్ ఇంఫాల్. అందులో ఆయన తన గురించి చెప్పుకున్నది తక్కువ. ఆ ఓడిపోయిన సైన్యంలో భాష, మతం, ప్రాంతం చూసుకోకుండా ఒకరినొకరు మోసుకుంటూ నడిచిన మామూలు సిపాయిల గురించి చెప్పినదే ఎక్కువ. అది చదివినప్పుడు మన డ్రిల్ సార్ తన యుద్ధం గురించి ఎందుకు మాట్లాడేవారు కాదో నాకు కొంత అర్థమైంది.

1945 ఆగస్టులో జపాన్ లొంగిపోయింది. 17న నేతాజీ బృందం సైగాన్ విమానాశ్రయంలో ఉంది. బయల్దేరుతున్న జపాన్ విమానంలో నేతాజీ కాక ఇంకొక్కరికే చోటు ఉందన్నారు. కల్నల్ హబీబుర్ రహమాన్ ఎక్కారు. మిగిలినవాళ్ళు రన్‌వే పక్కన నిలబడిపోయారు. వాళ్ళలో ఆబిద్ ఒకరు. మరునాడు తైపేలో ఆ విమానం కూలిపోయింది. సముద్రం అడుగున తొంభై రోజులు పక్కన కూర్చున్న మనిషికి చివరి ప్రయాణంలో సీటు దొరకలేదు. దొరికి ఉంటే జై హింద్ కథ చెప్పడానికి ఆయన మిగిలేవారా? ఈ ప్రశ్న ఆయన ఎన్ని రాత్రులు వేసుకుని ఉంటారో మనం ఊహించుకోవలసిందే.

కొంతకాలం నిర్బంధంలో ఉండి 1946లో విడుదలయ్యారు. 1947 నవంబర్ 21న స్వతంత్ర భారతం తొలి తపాలా బిళ్ళ వెలువడింది. దాని మీద మన జెండా, పక్కన జై హింద్ అనే అక్షరాలు. మాట చేసిన మనిషి పేరు ఎక్కడా లేదు. ఆయన అడగనూ లేదు. 1948లో విదేశాంగ శాఖలో చేరి, ఈజిప్టు, డెన్మార్క్ వంటి దేశాల్లో పనిచేశారు. రాయబారి అయ్యారు. 1969లో పదవీ విరమణ చేసి, ఎక్కడ పుట్టారో అక్కడికే వచ్చేశారు. 1984 ఏప్రిల్ 5న, డెబ్బై మూడో ఏడు నిండడానికి ఆరు రోజుల ముందు, హైదరాబాదులో కన్నుమూశారు.

ఆయన అన్న కూతురు సురయ్యా హసన్ బోస్ నేతాజీ వంశంలో కోడలైంది. హిమ్రూ, మష్రూ వంటి పాత నేతలను బతికించిన మనిషిగా దేశానికి తెలుసు. దర్గా హుస్సేన్ షా వలీ దగ్గర మగ్గాలు పెట్టి, దిక్కులేని ఆడవాళ్ళకు నేత నేర్పింది. వాళ్ళ పిల్లల కోసం పక్కనే ఒక బడి పెట్టి, దానికి బాబాయి పేరు పెట్టింది. సఫ్రానీ మెమోరియల్ హైస్కూల్. మన సనత్‌నగర్ నుంచి పది పన్నెండు కిలోమీటర్లు.

సనత్ అంటే ఉర్దూలో పరిశ్రమ. ఆల్విన్ సైరన్‌తో నిద్ర లేచి, షిఫ్టుల లెక్కన పొద్దు తెలుసుకుంటూ పెరిగిన పిల్లలం మనం. మన గల్లీల్లో తెలుగు, ఉర్దూ, తమిళం, కన్నడం, మరాఠీ అన్నీ వినిపించేవి. అసెంబ్లీలో ఆ చివరి మాట దగ్గర అందరి గొంతూ ఒకటయ్యేది. ఆబిద్ హసన్ ఆ శిబిరంలో వెతికినది సరిగ్గా అలాంటి మాట కోసమే.

ఆ రోజు క్రికెట్ మ్యాచ్‌లో మేం గెలిచామో ఓడామో ఇప్పుడు నాకు గుర్తు లేదు. వెళ్ళలేదన్నది మాత్రం గుర్తుంది. మన డ్రిల్ సార్ కూడా ఇప్పుడు లేరు. ఆయన చూసిన యుద్ధాల కథ ఆయనతోనే పోయింది. అడిగే వయసు వచ్చాక ఉద్యోగాల్లో పడి మేం అడగలేదు.

అందుకని కమిటీకి రెండు మనవులు. ఒకటి, స్వర్ణోత్సవం గుర్తుగా ఒక రోజు మన బడి పిల్లల్ని ఆ సఫ్రానీ బడికి తీసుకువెళ్దాం. బస్సు ఖర్చు మా 1985 బ్యాచ్ పెట్టుకుంటుంది. రెండోది, మన కాలనీల్లో సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దలు ఇంకా ఉన్నారు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నవాళ్ళలో కూడా ఉన్నారు. పిల్లల్ని వాళ్ళ దగ్గర కూర్చోబెట్టి వినమందాం. అది వచ్చే నెలకు పెట్టుకోవద్దు, ఈ ఆదివారమే చేద్దాం.

జై హింద్.

– పూర్వ విద్యార్థి, పదో తరగతి, 1985 బ్యాచ్